కుళ్లినా పోని ఉప్పు

నాగాయలంక నుంచి కాకినాడ దాకా మడ అడవుల అంచున, ఉప్పు కొఠార్ల గట్ల మీద, పోటునీరు వచ్చిపోయే పల్లపు నేలల్లో ఇలకూర మొలుస్తుంది. సన్నని గుండ్రటి ఆకులు, వేళ్ల మధ్య నొక్కితే రసం చిమ్మేంత కండ. ఎండలు ముదిరేకొద్దీ పచ్చదనం తగ్గి ఎర్రబడుతుంది. దాని పక్కనే నేలను పట్టుకుని పాకే వంగరెడ్డికూర: ఎర్రటి కాడ, దళసరి ఆకు, ఐదు రేకల గులాబీ పువ్వు. లేతగా ఉన్నప్పుడు గిల్లుకొచ్చి, ఉడికించి, ఆ నీళ్లు వార్చేసి వండుకుంటారు. విడిగా ఉప్పు వేసే పని ఉండదు. తెచ్చి కుండీలో పెట్టినా రెండూ హాయిగా బతుకుతాయి. వండగా మిగిలిన ముదురు కాడలు, కత్తిరించిన కొమ్మలు అన్ని తుక్కులతో పాటే కంపోస్టు డబ్బాలో పడతాయి. చిక్కు మొదలయ్యేది అక్కడే.

కుప్పలో పడిన ఆకును బ్యాక్టీరియా, బూజు కలిసి ఏం చేస్తాయో చూడండి. పిండి, చక్కెర, మాంసకృత్తులు, చివరికి పీచు కూడా వాటికి తిండే. అందులోని కర్బనంలో పెద్ద భాగం బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది, కుప్ప కుంగుతుంది. సోడియం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాన్ని మరో పదార్థంగా మార్చగల సూక్ష్మజీవి లేదు, ఆవిరై పోయే గుణం దానికి లేదు. ఒక లెక్క వేద్దాం. ఎండిన ఇలకూర కాడలు 10 కిలోలు, అందులో ఉప్పు 2 కిలోలు అనుకోండి. మిగతా 8 కిలోల్లో సగం కుళ్లి గాలిలో కలిసింది. చేతికొచ్చిన 6 కిలోల ఎరువులో ఉప్పు అదే 2 కిలోలు. ఐదో వంతు ఉన్నది మూడో వంతైంది. ఎరువు ఎంత బాగా మాగితే అంత ఉప్పన. మాగితే అన్నీ సర్దుకుంటాయని తోట పెంచేవాళ్లందరం నమ్ముతాం. ఈ ఒక్క విషయంలో ఆ నమ్మకం తలకిందులవుతుంది.

ఈ సంగతి తేలడానికి మనుషులు గాజు బట్టీల దగ్గర బయల్దేరి బీట్‌రూట్ దుంప దాకా నడవాల్సి వచ్చింది.

పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపాలో గాజు చేయాలన్నా, గట్టి సబ్బు వండాలన్నా సోడా కావాలి. మేలైన సోడా స్పెయిన్ తూర్పు తీరం నుంచి, ముఖ్యంగా అలికాంతే రేవు నుంచి ఓడల్లో వచ్చేది. అక్కడి రైతులు ఉప్పునేలల్లో మన ఇలకూరకు చుట్టాలైన మొక్కల్ని పనిగట్టుకుని సాగుచేసేవాళ్లు. కోసి, ఎండబెట్టి, గుంటల్లో కాల్చేవాళ్లు. ఆ వేడికి బూడిద కరిగి, చల్లారాక రాయిలా గడ్డకట్టేది. దాన్ని పగలగొట్టి అమ్మేవాళ్లు. ఆ సరుకు పేరు బరిల్లా. మన చాకిరేవుల్లో బట్టలు ఉడకేయడానికి చౌడుమట్టి తెచ్చుకున్నదీ ఇలాంటి సోడా కోసమే. 1791లో నికొలా లెబ్లాంక్ మామూలు ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతికి పేటెంటు పొందాకనే, మొక్కల్ని కాల్చే ఆ వ్యాపారానికి కాలం చెల్లడం మొదలైంది.

బూడిదతో పనిచేసే వాళ్లకు చాలాకాలంగా తెలిసిన తేడా ఒకటుంది. అడవి చెట్ల బూడిదలో పొటాష్ వస్తుంది, ఒడ్డు మొక్కల బూడిదలో సోడా వస్తుంది. అది మొక్క జాతి గుణమా, నేల ఇచ్చినదా అన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దుహామెల్ ద్యు మోన్సో ఈ ముడి విప్పడానికి పూనుకున్నాడు. ఆయన ఒక చేత్తో రసాయనశాస్త్రం, మరో చేత్తో వ్యవసాయం చేసినవాడు. తినే ఉప్పులోనూ సోడాలోనూ ఉన్న మూల పదార్థం ఒకటేనని 1736లో పారిస్ అకాడమీకి సమర్పించిన పత్రంలో చూపించాడు. అంతటితో ఆగలేదు. పారిస్‌కు దక్షిణాన, సముద్రానికి బాగా దూరంగా దెనాన్విలియేలో ఆయన కుటుంబానికి ఎస్టేటు ఉండేది. సోడా మొక్కల విత్తనాలు తెప్పించి ఆ నేలలో నాటించాడు. పండిన మొక్కల్ని కాల్చి బూడిదను పరీక్షింపజేశాడు. మొదట్లో సోడా వచ్చింది. ఆ మొక్కల విత్తనమే మళ్లీ మళ్లీ అక్కడే వేస్తూ పోతే ఏటేటా సోడా తగ్గింది, దాని చోటును పొటాష్ ఆక్రమించింది. మొక్క అదే, పోలిక అదే, బూడిద మారిపోయింది.

నాకు ఈ కథంతటిలో అన్నిటికన్నా గొప్పగా అనిపించే ప్రయోగం ఇదే. పరికరం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. ఇది మన పెరటికి నేరుగా పనికొస్తుంది కూడా. కొఠారు గట్టు మీద కోసుకొచ్చిన ఇలకూర, మంచినీళ్లు పోసి కుండీలో పెంచిన ఇలకూర చూపుకు ఒకలాగే ఉండొచ్చు. కుప్పలోకి అవి మోసుకొచ్చే ఉప్పు మాత్రం ఒకటి కాదు. మట్టిలో, పోసే నీటిలో ఉన్నంత సోడియమే మొక్కలోకి చేరుతుంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో ఉప్పు తగిలే బోరునీళ్లు పోసేవాళ్లయితే మళ్లీ లెక్క మారుతుంది.

శాస్త్రజ్ఞులు బూడిద తూచకముందే తీరపు రైతులు సముద్రపు మొక్కల్ని ఎరువుగా వాడుతూనే ఉన్నారు. ఫ్రాన్సు ఉత్తర, పశ్చిమ తీరాల్లో సముద్రపు నాచుకు ఎంత గిరాకీ ఉండేదంటే, 1681లో కోల్బేర్ హయాంలో వచ్చిన నౌకాశాసనం దాన్ని ఎప్పుడు కోయాలి, ఎవరు కోయాలి అన్నదానికి ప్రత్యేకంగా నియమాలు పెట్టింది. ఐర్లాండు పడమట ఆరన్ దీవుల్లో సున్నపురాతి బండ తప్ప మట్టి లేని చోట, ఇసుక ఒక పొర, నాచు ఒక పొర పరిచి తరతరాలుగా మట్టినే తయారుచేసుకున్నారు, అందులో బంగాళదుంప పండించారు. జెర్సీ దీవిలో చలికాలంలో పొలం నిండా నాచు పరిచి దున్నేవాళ్లు. ఆ ప్రాంతాలన్నిటికీ చలికాలపు వాన ఉంది. నాచుకున్న ఉప్పులో చాలా భాగం పైన అంటుకున్న సముద్రపు నీటిదే, కొన్ని జల్లులకే కడుక్కుపోతుంది. లోపల ఉండేది ఎక్కువగా పొటాష్, అది పంటకు బలం. ఇలకూర సంగతి వేరు. ఉప్పును అది లోపల దాచుకుంటుంది, అందుకే నాచును వాడినంత ధీమాగా దీన్ని వాడలేం.

వాన కడగకపోతే ఆ ఉప్పు నేలలో ఏం చేస్తుందన్నది ఇంగ్లాండులో యార్క్ దగ్గర బయటపడింది. హెచ్.ఎస్. థామ్సన్ అనే భూస్వామికి ఎరువులోని సారం వానకు కొట్టుకుపోతోందేమోనన్న దిగులు ఉండేది. 1845లో ఒక మందుల దుకాణదారుతో కలిసి మట్టి నింపిన గొట్టంలో అమ్మోనియం సల్ఫేటు నీళ్లు పోశాడు. అడుగున కారింది జిప్సం కలిసిన నీరు. మట్టి అమ్మోనియాను పట్టుకుని, దానికి బదులు తన దగ్గరున్న కాల్షియంను వదిలేసింది. 1850లో ఈ ఫలితం అచ్చయింది. థామ్సన్ మాట విని రసాయనశాస్త్రజ్ఞుడు జె. థామస్ వే ఎన్నో లవణాలతో అదే ప్రయోగం చేశాడు, ఒకదానికి బదులు మరొకటి లెక్క ప్రకారం చేతులు మారుతుందని నిరూపించాడు. సోడియం కూడా అలాగే బంకమట్టి మీదికి ఎక్కుతుంది. ఎక్కాక మట్టి రేణువులు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, సందులు మూసుకుంటాయి, తడిస్తే అడుసు, ఆరితే పెంకు. చౌడు నేలను చేత్తో ముట్టుకున్న రైతుకి ఇది తెలియనిది కాదు. విరుగుడు కూడా ఆ గొట్టంలోనే ఉంది: జిప్సం వేస్తే అందులోని కాల్షియం సోడియంను నెట్టేస్తుంది, నీళ్లు పారిస్తే అది కిందికి దిగిపోతుంది. 1953లో సముద్రం కట్టలు తెంచుకుని పొలాల మీద పడ్డాక నెదర్లాండ్స్ వాళ్లు చేసింది అదే. 1969 నుంచి కర్నాల్‌లో ఉన్న కేంద్ర లవణీయ నేలల పరిశోధన సంస్థ మన చౌడు నేలలకు చెప్పే వైద్యంలో ముఖ్యమైనదీ అదే.

మాగిన కంపోస్టు ఈ మార్పిడిలో బంకమట్టికన్నా చురుకైనది. కాబట్టి ఉప్పు మొక్కల ఎరువులో కొంత సోడియం నీటిలో తేలుతుంది, కొంత ఎరువు రేణువుల్ని అంటుకుని ఉంటుంది. కడిగే ముందు గుప్పెడు జిప్సం కలపడంలోని తెలివి అది.

ఇక కుప్ప. మనదేశంలో కంపోస్టును శాస్త్రంగా నిలబెట్టింది ఇండోర్. 1924 నుంచి 1931 దాకా అక్కడి మొక్కల పరిశోధన సంస్థలో ఆల్బర్ట్ హోవార్డ్, యశ్వంత్ వాడ్ కలిసి పనిచేశారు. చెత్త, పేడ, పశువుల మూత్రం పీల్చిన మట్టి, కట్టెల బూడిద పొరలుగా వేసి, నిర్ణీత కాలంలో తిరగేస్తూ మూడు నెలల్లో ఎరువు తీసే పద్ధతిని 1931లో పుస్తకంగా తెచ్చారు. అందులో కట్టెల బూడిద పని పులుపును విరవడం. దుహామెల్ బూడిదలు గుర్తుంటే ఇక్కడ జాగ్రత్త పడతాం. కట్టెల బూడిద పొటాష్ ఇస్తుంది, ఎండిన ఇలకూర కాడల్ని కాల్చి ఆ బూడిద వేస్తే నేరుగా సోడా వేసినట్టే. ఇంకొక అడ్డంకి కుప్ప లోపలే ఉంది. ఉప్పు ఎక్కువైతే సూక్ష్మజీవులు మందగిస్తాయి. ఊరగాయ ఏడాది నిలవుండేది ఆ కారణం వల్లనే. తీరపు మొక్కలే నింపిన కుప్ప సరిగా వేడెక్కక నెలల తరబడి నల్లగా జిగటగా ఉండిపోవడానికి ఒక కారణం ఇది.

ఈ మొక్కలు అంత ఉప్పును తిని ఎలా బతుకుతున్నాయి? ఆ జవాబులో కీలకమైన ముక్క బీట్‌రూట్‌లో దొరికింది. మనం కొబ్బరికోరు వేసి వేపుడు చేసుకునే బీట్‌రూట్ పూర్వీకులు ఐరోపా సముద్రతీరపు అడవి మొక్కలే. అది ఇలకూర, పాలకూర, తోటకూరల కుటుంబమే. 1985లో బ్లూమ్‌వాల్డ్, పూల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు బీట్ దుంప కణాల్లోని రిక్తికల, అంటే నీటితిత్తుల, పొరను విడదీసి పరీక్షించారు. ఆ పొర మీద సోడియంను లోపలికి తోసి, బదులుగా హైడ్రోజన్ అయానును బయటికి పంపే ఏర్పాటు ఉందని చూపించారు. అంటే మొక్క ఉప్పును కణం నడిమధ్య ఉండే నీటితిత్తిలో బంధిస్తుంది, జీవక్రియలు జరిగే భాగానికి తగలనివ్వదు. లోపలి ఉప్పుకు సమతూకంగా బయటి భాగంలో బీటైన్ లాంటి నత్రజని పదార్థాలు పోగుచేస్తుంది. బీటైన్ మొదట దొరికిందీ బీట్‌లోనే.

కంపోస్టు వేసేవాళ్లకు ఇందులో శుభవార్త ఉంది. ఆ ఉప్పు పీచులో అతుక్కుని లేదు, నీటిలో కరిగి తిత్తిలో ఉంది. ఆకు చచ్చి తిత్తి పగిలిందా, నీళ్లు తగిలిన వెంటనే బయటికొస్తుంది. కూర ఉడికించి నీళ్లు వార్చడంలో జరిగేదీ అదే. భావనగర్‌లోని కేంద్ర లవణ, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ ఇదే కుటుంబపు సాలికోర్నియా మొక్క నుంచి తినే ఉప్పును తయారుచేసి పేటెంటు తీసుకుంది. తినే ఉప్పునే మొక్క నుంచి తీయడం సాధ్యమైనప్పుడు, పెరట్లో బకెట్టుతో చాలావరకు తీయలేకపోం.

ఎంత ఉప్పు అన్న ప్రశ్నకు తమిళనాడు తీరం అంకె ఇచ్చింది. అన్నామలై విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు తదితరులు 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఉప్పుపట్టిన నేలలో నాలుగు నెలల్లో ఇలకూర హెక్టారుకు 504 కిలోల, వంగరెడ్డికూర 474 కిలోల సోడియం క్లోరైడును తోడేయగలవు. చదరపు మీటరుకు వేసుకుంటే దాదాపు 50 గ్రాములు. వాళ్ల ఉద్దేశం నేలను బాగుచేయడం: మొక్కను పెంచి, కోసి, పొలం దాటించేస్తే దానితో పాటు ఉప్పూ పోతుంది. ఆ మొక్కల్ని కంపోస్టు చేసి పంటలకు వేసి చూసే ప్రయోగాలూ ఆ విశ్వవిద్యాలయంలో జరిగాయి. ఈ రెండు పనుల్నీ పక్కపక్కన పెట్టుకుంటే పెరటి రైతు చిక్కు స్పష్టంగా కనిపిస్తుంది. పొలం నుంచి తీసేసిన 50 గ్రాములు ఎక్కడో ఒకచోట దిగాలి. ఒడ్డు మీద చదరపు మీటరు ఇలకూర కోసి, కడగకుండా మాగబెట్టి, ఒక్క మిద్దెతోట కుండీలో వేస్తే, ఆ కుండీ మట్టికి అది మోయలేని భారం. నేలలోనైతే ఉప్పు లోతుకు దిగుతుంది. కుండీలో దానికున్న దారి అడుగున చిల్లు ఒక్కటే.

వానకు ఎంత శక్తి ఉందో అదే తీరం చూపించింది. 2004 డిసెంబరు సునామీ నాగపట్నం జిల్లా పొలాల్ని ఉప్పునీటితో ముంచింది. ఆ తర్వాతి ఈశాన్య రుతుపవనాల వానలకు చాలా పొలాల్లో ఉప్పు బాగా దిగిపోయింది. మన కోస్తాలో ఏడాదికి దాదాపు 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అది ఉచితంగా దొరికే కడుగునీరు, మూతపెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ములో కంపోస్టు చేసేవాళ్లు దాన్ని చేజేతులా వదులుకుంటున్నారు.

కాబట్టి పని ఇలా సాగాలి. కాడల్ని వేలి పొడవు ముక్కలుగా నరికి, చితక్కొట్టి, బకెట్టు మంచినీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే ఎంత దిగిందో తెలుస్తుంది. ఆ నీళ్లు పారబోసి మరోసారి నానబెట్టండి. ఉడికించి వార్చిన నీళ్లు, నానబెట్టిన నీళ్లు, కుప్ప అడుగున కారే రసం, వీటిలో ఏదీ కుండీలకు పోయకూడదు. మామూలు కంపోస్టులో ఆ రసాన్ని బలమని పలచన చేసి పోస్తాం, ఇందులో పోసేది ఉప్పునీళ్లే. పిండిన కాడలు ఒక పాలు, ఎండుటాకులు, పేడ, వంటింటి తొక్కలు నాలుగైదు పాళ్లు కలిపి, అడుగు మూయని కుప్పగా వేయాలి. నేరుగా మట్టి మీదయితే బావికి, కూరమళ్లకు ఎగువన వేయకండి. జ్యేష్ఠంలో వేసిన కుప్ప వానలన్నీ తాగి కార్తీకానికి చేతికొస్తే మేలు. నత్రజని, పొటాష్ కూడా కొంత కడుక్కుపోతాయి, ఆ నష్టం భరించాల్సిందే.

తయారైన ఎరువును వాడే ముందు పరీక్షించుకోవడం తేలిక. ఒక పాలు ఎరువు, ఒక పాలు మామూలు మట్టి కలిపి ఒక చిప్పలో, వట్టి మట్టి మరో చిప్పలో పోసి, రెంటిలోనూ ముల్లంగి గింజలు చల్లండి. ఎరువు చిప్పలో మొలకలు ఆలస్యమైనా, ఆకు కొసలు మాడినా గుప్పెడు జిప్సం కలిపి ఇంకా కడగాలన్నమాట. కచ్చితంగా కావాలంటే భూసార పరీక్షా కేంద్రంలో ఈసీ, అంటే ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత, చూపించుకోవచ్చు. నేలలో ఈసీ మీటరుకు 4 డెసిసీమెన్స్ దాటితే అది ఉప్పునేల కింద లెక్క. పంటలన్నీ అంతవరకూ ఓర్చుకోవు. ఏ పంట ఎంత దాకా తట్టుకుంటుందో 1977లో మాస్, హాఫ్‌మన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు పట్టిక వేశారు. బీన్స్, క్యారెట్ 1 దగ్గరే దిగుబడి తగ్గడం మొదలుపెడతాయి. ఉల్లి, ముల్లంగి 1.2, మిరప 1.5, టమాటా 2.5. బీట్‌రూట్ 4 దాకా తొణకదు, అమ్మమ్మల నాటి సముద్రపు అలవాటు అది మరచిపోలేదు. కాబట్టి ఈ ఎరువుకు మొదటి హక్కు బీట్‌రూట్‌దే. నారుమళ్లకు, బీన్స్ పాదులకు దీన్ని దగ్గరికి రానివ్వకండి.

పెరట్లో కొబ్బరిచెట్టు ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. కొబ్బరికి క్లోరిన్ అవసరం ఎక్కువ. కేరళ, తమిళనాడు రైతులు మొక్క నాటే గుంటలో ఉప్పు వేసేది అందుకే. సరిగా కడగలేకపోయిన ఎరువైనా, కాడలు నానబెట్టిన నీళ్లైనా ఆ చెట్టు పాదిలో మొదలుకు దూరంగా చుట్టూ చల్లి, పైన నాలుగు బిందెల మంచినీళ్లు పోస్తే సరిపోతుంది.